చప్పుడు లేని నడక

నడిచేటప్పుడు చెయ్యి పట్టుకోవద్దన్నాడు డాక్టరు, పట్టుకోలేదు. చేతికర్ర ఇవ్వొద్దన్నాడు, ఇవ్వలేదు. నోళ్ళు మూసుకుని నిలబడండి అని మాత్రం ఆయన అనలేదు. ఆ ఒక్క మాట కూడా అనుంటే మాకు సగం ఏడుపు తప్పేది.

మా ఆయన పేరు దియాబ్. మా ఊరు ఖూస్ పొలాల్లోంచి ఫ్యాక్టరీకి చెరుకు మోసే చిన్న రైలుకు డ్రైవరు. ఉద్యోగం అయిపోయాక మక్కా వెళ్ళొచ్చాడు కాబట్టి ఊరందరికీ హాజీ దియాబ్. నాకూ హాజీయే. కోపమొచ్చినప్పుడు మాత్రం "ఓయ్ రైలూ!" అంటాను. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. పిల్లలు బండి వెంట పరిగెత్తి చెరుకు గడలు లాక్కుంటుంటే, "మీ తాత సొమ్మురా?" అని అరుస్తూనే బండి నెమ్మది చేసేవాడు. గడలు తేలిగ్గా అందాలని.

అంత బండి నడిపినవాడికి తన కాళ్ళు నడపడం చేతకాకుండా పోయింది. లేచి నిలబడతాడు, అడుగు వెయ్యబోతాడు, అరికాలు లేవదు. నేల పట్టుకుని వదలనట్టు ఈడ్చుకుంటూ జరుగుతాడు. కొన్నాళ్ళకు ఒంటికి ఆపుకోలేకపోయాడు. పరుపు మీద రబ్బరు గుడ్డ పరిచాను. ఆ తర్వాత మతి తప్పసాగింది. టీ కావాలంటాడు, తెచ్చి ఇస్తే "ఇదెవరికి?" అంటాడు. మా అమ్మాయి ఇన్షిరాహ్‌ని ఎప్పుడో పోయిన తన అక్క పేరుతో పిలుస్తాడు. "వయసు మీద పడింది నబవియ్యా, నీ పిచ్చిగాని" అన్నారు అందరూ నాతో. వయసా! నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, అంతే. నేను ఇప్పటికీ తెల్లారకముందే పిండి పిసికి రొట్టెలు ఎండకు పొంగబెడుతున్నాను. నాకు లేని వయసు ఆయనకెక్కడి నుంచి ఊడిపడింది?

మా అబ్బాయి ముంతసిర్ ఊళ్ళో బడిపంతులు. ఈమధ్య కాస్త మతపట్టింపు పెరిగింది గానీ తండ్రంటే ప్రాణం పెడతాడు. వాడే వాకబు చేసి అస్యూత్‌లో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్ వగీహ్ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఖూస్ స్టేషన్లో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మా ఆయన ఒకటే సణుగుడు. "ఈ డ్రైవరెవడో బ్రేకు వెయ్యడం రాని వెధవ." ఆ ఒక్క విషయంలో మాత్రం మతి పోలేదు.

డాక్టరు తల ఫొటోలు దీపం ముందు పెట్టి చూపించాడు. మనిషి మంచివాడు, తొందరపెట్టడు. మక్కా ముఖం ఎరగనిదాన్నైనా నన్ను హాజ్జా అనే పిలిచాడు.

"మెదడు మధ్యలో గదులుంటాయి హాజ్జా, వాటిలో నీళ్ళుంటాయి. మీ ఆయనకు ఆ గదులు ఉబ్బిపోయాయి. నీళ్ళ వల్లే ఇదంతా అయితే తలలోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేస్తాను. నీళ్ళు దిగిపోతాయి, మనిషి లేచి నడుస్తాడు. మతి కూడా కొంత తిరిగొస్తుంది."

"అయితే వేసెయ్యండి మరి!" అన్నాను.

"అక్కడే ఉంది చిక్కు. ఉబ్బు కనబడ్డ ప్రతివాళ్ళకీ నీళ్ళే రోగం కాదు. కొందరికి మెదడే అరిగిపోయి గదులు పెద్దవిగా కనబడతాయి. వాళ్ళకి గొట్టం వేస్తే పుర్రెకు చిల్లు మిగులుతుంది, అంతే. లోపల రక్తం కారిందా, ఉన్నది కూడా పోతుంది."

"ఏ రోగమో ముందుగా ఎలా తెలుస్తుంది?" ముంతసిర్ అడిగాడు.

"నడుము దగ్గర సూదితో కాసిని నీళ్ళు తీసి, నడిపించి చూస్తాం. నడక మారితే గొట్టం పనిచేస్తుందని ధైర్యంగా చెప్పొచ్చు."

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. "మారకపోతే ఏంటి బాబూ?" అని అడిగాను. డాక్టరు నన్ను చూశాడు, జవాబు మాత్రం నా కొడుకుతో చెప్పాడు. "మారకపోతే నా దగ్గర ఆపరేషన్ లేదు. మందులు రాసిస్తాం. ఆ జబ్బు దిగజారడమే గానీ మళ్ళీ వెనక్కి రాదు."

ఆ మధ్యాహ్నమే నడుములో సూది గుచ్చి నీళ్ళు తీశారు. సాయంత్రం వరండాలో నడిపిస్తే ఏ మార్పూ లేదు. నా ముఖం చూసి డాక్టరు, "కొందరికి మర్నాటికి గానీ తెలియదు హాజ్జా" అన్నాడు. "దూరం నుంచి వచ్చారు, ఇక్కడ పడిగాపులెందుకు? ఇంటికెళ్ళి రేపు నడిపించి, ఫోన్లో వీడియో తీసి పంపండి. చెయ్యి పట్టుకోవద్దు, కర్ర ఇవ్వొద్దు. పాదాలు బాగా కనబడాలి." ఈమధ్య డాక్టర్లంతా ఇంతే, సగం వైద్యం ఫోన్లోనే.

మర్నాడు ఉతికిన పొడుగు అంగీ, గలబియా తొడిగి, తలపాగా చుట్టి, ఆయన్ని గది గడప దగ్గర నిలబెట్టాం. ముంతసిర్ వాకిట్లో ఫోన్ పట్టుకుని వంగి కూర్చున్నాడు.

"రండి నాన్నా. నా దగ్గరకు నడిచి రండి. డాక్టరు గారు చూస్తారు."

"ఏడీ?" అని ఆయన అటూ ఇటూ చూశాడు. "వచ్చినాయనకి టీ ఇచ్చారా?"

"ఇచ్చాం నాన్నా. మీరు రండి."

కాలు లేవలేదు. ముంతసిర్ బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్ళీ బతిమాలాడు. ఆయన వేళ్ళు నేల మీద కదులుతున్నాయి గానీ పాదం రావడం లేదు. చివరికి వాడు ఫోన్ ఒళ్ళో పడేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత గడ్డం పెట్టుకుని ఏడుపు!

అప్పుడు ఇన్షిరాహ్, నా బంగారు తల్లి, "మా నాన్న పెళ్ళికొడుకు! పెళ్ళికొడుక్కి దారివ్వండి!" అంటూ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళం నాలుక తిప్పుతూ పెట్టే కూత పెట్టింది. నాకేం బుద్ధి పుట్టిందో, పిండి కలిపే సత్తు బేసిను బోర్లించి దరువు మొదలుపెట్టాను. పెళ్ళి దరువు. నా పెళ్ళికి ముందు మా పేటలో గోరింటాకు పెట్టే రాత్రుల్లో నాకు మించి కొట్టేవాళ్ళు లేరు, అల్లా సాక్షిగా అబద్ధం కాదు. పాట కూడా అందుకున్నాను.

పాదం లేచింది! ఈడ్చలేదు, లేచింది. ఒక అడుగు, ఇంకో అడుగు, చేతులు ఊపుకుంటూ నా మొగుడు వాకిలి దాటి నడిచొచ్చాడు. "తియ్యరా, తియ్యి!" అని నేను అరిచాను. ముంతసిర్ ఫోన్ ఎత్తాడు. ఆయన నీళ్ళ కుండల దాకా వెళ్ళి, ఎవరినీ పట్టుకోకుండా తిరిగి, మళ్ళీ గడప దాకా వెళ్ళాడు. నా అరచేతులు ఎర్రగా కందిపోయాయి. కొట్టాను, ఏడ్చాను, నవ్వాను, అన్నీ ఒకేసారి.

ఇరుగుపొరుగు వచ్చి పడ్డారు. ఇన్షిరాహ్ పెద్ద పాత్రలో కర్కదే షర్బత్ కలిపి అందరికీ పోసింది. ముందుంది ముసళ్ళ పండగని ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

సందడి తగ్గాక చూస్తే ముంతసిర్ అరుగు మీద కూర్చుని ఫోన్‌తో ఏదో కుస్తీ పడుతున్నాడు.

"ఇంకా పంపలేదట్రా?"

"శబ్దం తీసేస్తున్నానమ్మా."

"ఎందుకు?"

"నీ పాట ఉంది. చెల్లి కూత ఉంది. పరాయి మగాడి ఫోన్లోకి మా ఆడవాళ్ళ గొంతులు ఎలా పంపను? ఆయన ఇంకెవరెవరికి చూపిస్తాడో."

"ఆ పరాయి మగాడు నిన్న నా ముఖం చూశాడు, మీ నాన్న మొల చూశాడు. నా గొంతు వింటే కొంపలు మునుగుతాయా?"

"డాక్టరు అడిగింది పాదాలమ్మా. పాదాలు కనబడుతున్నాయిగా."

అదీ నిజమే అనిపించింది. పైగా వాడి సంతోషం పాడుచెయ్యడం ఎందుకని, "ఏడిశావులే, పంపు" అన్నాను.

కాసేపటికి డాక్టరు గొంతు జవాబుగా వచ్చింది. దాన్ని మాత్రం ముంతసిర్ వీధి వీధంతా వినబడేలా పెట్టాడు. మగగొంతు కదా, ఎంతమంది విన్నా పరువు పోదు! "మాషా అల్లాహ్! నిన్న నా దగ్గర అడుగు కదపని మనిషి ఈయనేనా? చేతులు ఊపుతున్నాడు, తూలకుండా తిరుగుతున్నాడు. నీళ్ళు తీసినందుకు ఇంత మార్పు వచ్చినవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది గొట్టంతో బాగుపడతారు. శనివారం తీసుకురండి, ఆపరేషన్ చేసేద్దాం."

ఆ రోజు మా ఇంట్లో అందరికీ ఆకలి వేసింది. చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నాం.

తెల్లారి ఆయన్ని దొడ్లోకి తీసుకెళ్దామని లేపాను. లేచాడు, నిలబడ్డాడు, అంతే. "పద హాజీ, నిన్న గుర్రంలా నడిచావు" అన్నాను. కదల్లేదు. ఇన్షిరాహ్‌ని పిలిచి బేసిను కొట్టమన్నాను. కొట్టింది, నడిచాడు. వాకిలి సగం దాటాక పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు విని అది బేసిను వదిలేసి లోపలికి పరిగెత్తింది. ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు. ఒక కాలు ముందుకు వేసి, రెండోది వెనక అంటుకుపోయి, ఒళ్ళంతా ముందుకు వంగి. నేను అడ్డంపడి నా ఒంటితో ఆపకపోతే ముఖం పగిలేది.

ముంతసిర్‌తో చెప్పాను. వాడు నన్ను కసురుకోలేదు, పంతులు గదా, విడమరిచి చెప్పాడు. "సూదితో తీసిన ఫలం రెండు మూడు రోజులేనని డాక్టరు ముందే చెప్పాడమ్మా. నీళ్ళు మళ్ళీ నిండుతున్నాయి. అందుకే ఆగిపోయాడు. అందుకేగా గొట్టం." వాడి మాటా నిజమే కావచ్చు. నన్ను కొరుక్కుతిన్నది అదే. కాదనడానికి నా దగ్గర ఏముంది?

మధ్యాహ్నం వంటింట్లో నేనూ ఇన్షిరాహ్ కూర్చుని ములూఖియా ఆకు తరుగుతున్నాం. అది తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, పక్కింటి ఉమ్ సాబిర్ కూతురికి గోరింటాకు పెట్టిన రోజు గుర్తుందా?"

"ఎందుకు లేదు? వాళ్ళ డప్పులకి చెవులు చిల్లులు పడ్డాయి."

"ఆ రోజు నాన్న అరుగు మీంచి లేచి, ఒక్కడే వీధి గుమ్మం దాకా నడిచొచ్చాడు."

గుర్తుంది. ఆ వారమే సీదీ అవద్ సమాధికి వెళ్ళి మొక్కుకున్నాం. ఆ మహాత్ముడి చలవే అనుకుని గొర్రెమాంసం, అన్నం వండించి పేదలకు పంచిపెట్టాం. అప్పటికింకా అస్యూత్ ముఖమే చూడలేదు.

"ఆ రోజు నీళ్ళెవరు తీశారమ్మా?" అంది ఇన్షిరాహ్.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. వాపు చూసి బలుపనుకున్నాం మేం! ముందు మహాత్ముడి పేరు పెట్టాం, తర్వాత సూది పేరు పెట్టాం. నడిపించింది రెండూ కాదు.

ముంతసిర్ బడి నుంచి రాగానే పట్టుకున్నాను. "డాక్టరుకు ఫోన్ చెయ్యి. చప్పుడుతో పాటు ఉన్న వీడియో పంపు. గోరింటాకు రోజు సంగతి చెప్పు."

"చెప్పను."

"ఎందుకు చెప్పవురా?"

"నాన్న బాగుపడటం నీకిష్టం లేదా?"

ఆ మాటకు చెంప పగలగొట్టేదాన్నే. చెయ్యి లేచింది కూడా. కానీ వాడి కళ్ళల్లో భయం ఉంది. ఆరేళ్ళప్పుడు బావిలోకి తొంగిచూసి వెనక్కి పరిగెత్తుకొచ్చినప్పుడు ఉన్న భయం. "చెప్తే ఆపరేషన్ ఆపేస్తాడమ్మా" అన్నాడు గొంతు దిగిపోయి. "ఆపేస్తే తర్వాతేంటి? నువ్వే చెప్పు, తర్వాతేంటి?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నా కొడుకు గుండెను వీధిలో పెట్టలేను. అలాగని నా మొగుడి పుర్రెకు ఊరికే చిల్లు పెట్టిస్తానా?

శుక్రవారం నమాజు తర్వాత ఊళ్ళో మగవాళ్ళందరూ వచ్చి ఆయన భుజం తట్టి వెళ్ళారు. శనివారం ఆపరేషన్ అయ్యాక ఆయన నడుచుకుంటూ తిరిగొస్తాడని అందరికీ గట్టి నమ్మకం. వాళ్ళు వెళ్ళాక ఆయనకు గడ్డం గీస్తూ కూర్చున్నాను.

"నబవియ్యా" అని పిలిచాడు. నా పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. "నన్నెక్కడికి తీసుకెళ్తున్నారు?"

"అస్యూత్‌కి. నీ తలలో నీళ్ళు దింపేస్తారట."

"దింపితే?"

"నడుస్తావు."

"నడుస్తున్నాగా. నువ్వు కొడితే నడుస్తాను." మామూలుగా, పట్టాల సంగతి చెప్పినట్టు చెప్పాడు. మళ్ళీ అద్దంలోకి చూసి, "ఈ ముసలాడెవడు, పాపం, సగం గడ్డంతో కూర్చున్నాడు?" అన్నాడు.

నేను నవ్వలేక ఏడవలేక చచ్చాను. ఆయనకే తెలుసు. మతిలేని మనిషికి తెలిసింది, మతులున్న మేం దాచిపెట్టుకుని కూర్చున్నాం. అప్పుడే నిశ్చయించుకున్నాను.

అస్యూత్ నర్సింగ్ హోమ్‌లో తెల్లచొక్కా తొడిగి మంచం మీద కూర్చోబెట్టారు. తల గొరగడానికి మంగలి వచ్చి సామాను విప్పుతున్నాడు. డాక్టర్ వగీహ్ ఇద్దరు కుర్ర డాక్టర్లను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ఫోన్. మా ఆయన నడకే వాళ్ళకు చూపిస్తున్నాడు. "చూడండి, పరీక్ష పనిచేసిందంటే ఇలా ఉండాలి. ఇది చూశాక ఫలితం గురించి అనుమానం అక్కర్లేదు." కుర్రాళ్ళు తలలూపుతున్నారు. ఆ తెరలో నా మొగుడు నోరులేని బొమ్మలా నడుస్తున్నాడు.

"డాక్టరు గారూ" అన్నాను. "అందులో చప్పుడు లేదు."

"అవును హాజ్జా, రాలేదు. ఫోన్ తేడా అనుకున్నాను."

"ఫోనుది కాదు. నా కొడుకు తీసేశాడు. అందులో నేనున్నాను."

"అమ్మా!" అన్నాడు ముంతసిర్.

"నోరుమూసుకో. నాది మూయించింది చాలు."

డాక్టరు చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. "అందులో మీరేం చేస్తున్నారు హాజ్జా?"

"బేసిను కొడుతున్నాను. పెళ్ళి దరువు. కొడితేనే నడిచాడు, ఆపితే ఆగాడు. మీ సూదికి ముందు కూడా ఒకసారి పక్కింటి డప్పులకు ఇలాగే లేచి నడిచాడు. నీళ్ళకు కాదు బాబూ, చప్పుడుకు."

డాక్టరు నా కొడుకు వైపు తిరిగి, "అసలు వీడియో ఉందా?" అన్నాడు. ఉంది. వాడు తండ్రి మొదటి నడకను చెరిపెయ్యగలడా? ముంతసిర్ తల దించుకుని ఫోన్ ఇచ్చాడు. నా పాట, ఇన్షిరాహ్ కూత, బేసిను మోత గదంతా నిండాయి. మంచం మీద మా ఆయన పాదాలు రెండూ నేలకు తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. డాక్టరు ఫోన్ చూడటం మానేసి ఆ పాదాల్నే చూశాడు. తర్వాత మంగలిని బయటికి వెళ్ళమన్నాడు.

"నీళ్ళ రోగంలో చప్పుడు ఇంతలా పనిచెయ్యదు" అన్నాడు మెల్లగా. "దరువుకు కాళ్ళు లేచాయంటే అది సాధారణంగా నేను ముందు చెప్పిన మెదడు అరిగే జబ్బు. దానికి గొట్టం దండగ. రెండూ కలిసి ఉన్నాయేమో కూడా చెప్పలేను."

"పదిమందిలో ఎనిమిదిమంది అన్నారుగా!" అన్నాడు ముంతసిర్.

"చప్పుడు లేకుండా అలా నడిచినవాళ్ళ సంగతి అది బాబూ. మీ నాన్న గురించి ఇప్పుడు నాకేమీ తెలియదు." "ఒక దారి ఉంది. నడుములో సన్నగొట్టం పెట్టి మూడు రోజులు నీళ్ళు కొద్దికొద్దిగా వదులుదాం. ఆ తర్వాత నా కళ్ళముందు, నిశ్శబ్దంలో నడిపిద్దాం. నడిస్తే ఆ పూటే ఆపరేషన్. నడవకపోతే ఇంటికి తీసుకెళ్ళండి." తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. నాకొక్కదానికే వినబడేలా, "దరువు సాయం కూడా ఎల్లకాలం ఉండదు హాజ్జా. అది ఆ జబ్బే అయితే, కొన్నాళ్ళకు చప్పుడు కూడా కాళ్ళ దాకా చేరదు" అన్నాడు.

ఆ మూడు రోజులూ ముంతసిర్ నాతో మాట్లాడలేదు. ఉడికించిన చిక్కుడుగింజలూ రొట్టే తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయేవాడు. మంచం కోడుకు కట్టిన సంచిలోకి నీళ్ళు చుక్కచుక్కగా దిగుతుండేవి. మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి. వీటిలోనా ఇంత రోగం అనిపించేది. నేను టీ గ్లాసులో చెంచా తిప్పడం కూడా మానేశాను. పక్క మంచం వాళ్ళ రేడియో కట్టెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాను. వేళ్ళు వాటంతటవే మంచం పట్టీ మీద కొట్టబోతే రెండో చేత్తో పట్టుకుని ఆపేదాన్ని.

ప్రతి నమాజులోనూ ఒకటే అడిగాను. దేవుడా, నా కొడుకు మాటే నిజం చెయ్యి. వాడి ముందు, ఊరి ముందు, ఈ డాక్టరు ముందు నన్ను అబద్ధాలకోరును చెయ్యి. ఈ మనిషి చప్పుడు లేకుండా ఒక్క అడుగు వేస్తే చాలు, బతికినన్నాళ్ళూ అందరూ నన్ను వెక్కిరించినా పడతాను. ఇంతకన్నా మనసారా నేను ఏదీ కోరుకోలేదు.

నాలుగో రోజు పొద్దున సన్నగొట్టం తీసేసి ఆయన్ని వరండా మొదట్లో నిలబెట్టారు. డాక్టరు రెండో చివర. నేనూ ముంతసిర్ గోడ పక్కన. మాట్లాడొద్దని అందరికీ చెప్పారు. మిగతా గదుల్లోని రోగుల బంధువులు తలుపుల్లోకి వచ్చి నిలబడి చూస్తున్నారు. ఎవరో దగ్గు కూడా మింగేసుకున్నారు.

"రండి హాజీ దియాబ్" అన్నాడు డాక్టరు. "నా దగ్గరకు రండి."

ఆయన మర్యాదగా తలూపాడు. ఒళ్ళు ముందుకు వంగింది. కాలివేళ్ళు నేలను గీరాయి. పాదం రాలేదు. డాక్టరు ఆగాడు. ఎంతో ఓపిగ్గా, నేను ఎవరికీ ఇవ్వనంత సమయం ఇచ్చాడు. మళ్ళీ పిలిచాడు. వేళ్ళు కదిలాయి, పాదం రాలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చుట్టూ చూశాడు, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు. నేను కనబడ్డాను. నా ముఖం వైపు కాదు, నా చేతుల వైపు చూశాడు. నేను చేతులు చంకల్లో దాచుకున్నాను.

"నాన్నా, ఒక్క అడుగు" అన్నాడు ముంతసిర్ నిశ్శబ్దం మరిచిపోయి. "ఒక్కటి వెయ్యండి, చాలు."

రాలేదు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు. ఎంతసేపు తుడుచుకుంటాడు ఎవరైనా?

అప్పుడు నా కొడుకు నా వైపు తిరిగాడు. మూడు రోజుల తర్వాత నాతో మాట్లాడాడు.

"కొట్టమ్మా."

"ముంతసిర్, నాయనా..."

"కొట్టమ్మా! పాడు! నాన్న అలా నిలబడిపోతే నేను చూడలేను. ఎవరు వింటే విననీ. నీ కాళ్ళు మొక్కుతా, కొట్టు!" అంతమంది పరాయి మగాళ్ళ మధ్య నా కొడుకు గొంతు చించుకుని అరిచాడు.

డాక్టరును చూశాను. ఆయన వద్దనలేదు, తల దించుకున్నాడు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మా ఆయన ఇలాగే నిలబడిపోతే గొట్టం లేదు. నా దరువుకు నడిస్తే అసలే లేదు. నా కొడుక్కీ తెలుసు, తెలిసే అడుగుతున్నాడు.

నర్సు బండి మీద ఉన్న స్టీలు పళ్ళెంలో సీసాలు పక్కన పెట్టి, పళ్ళెం తీసుకున్నాను. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. రెండోది పడింది. పాట ఎత్తుకున్నాను.

పాదం లేచింది. తెల్లచొక్కాలో చేతులు ఊపుకుంటూ నా మొగుడు నడిచొచ్చాడు. తలుపుల్లో ఉన్నవాళ్ళంతా "అల్లాహు అక్బర్!" అని కేకలు పెట్టారు. ఎవరో ఆడమనిషి పెళ్ళికూత పెట్టింది. ఒకాయన ముంతసిర్‌ని కావలించుకుని, "ముబారక్ నాయనా, ముబారక్, నీ తండ్రి బాగైపోయాడు!" అన్నాడు. వాడు ఆ పరాయి భుజంలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అది సంతోషమనుకుని ఆ పెద్దమనిషి వాడి వీపు నిమురుతూనే ఉన్నాడు.

మా ఆయన నా ఎదురుగా వచ్చాడు. ముఖమంతా నవ్వు.

"చూశావా, నడిచాను" అన్నాడు. "ఇంక నయమైపోయింది. ఇంటికి పోదాం పద."

"పద హాజీ" అన్నాను. గది తలుపు ఇంకా దూరంగా ఉంది. ఆపితే ఆగిపోతాడు. పళ్ళెం కొడుతూనే, ఆయన్ని చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాను.